గొలుసు ముందా, లెన్స్ ముందా?

ఒంగోలుకు దగ్గర్లోని ఒక పల్లె నుంచి వచ్చిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 33. తొమ్మిదేళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నారు. రెండేళ్ల కిందట క్యానన్ ఆర్6 కెమెరా కొనడానికి డబ్బు చాలక, భార్య రెండు సవర్ల గొలుసు తాకట్టు పెట్టి 70 వేలు తెచ్చారు. అప్పటి నుంచీ వడ్డీ కట్టి తిరగరాయించడమే తప్ప గొలుసు ఇంటికి రాలేదు. ఇప్పుడు చీటీ పాడితే 90 వేలు చేతికొచ్చాయి. మాఘంలో మరదలి పెళ్లి. "బోసి మెడతో మా చెల్లి పెళ్లిపందిట్లో ఎట్లా తిరగమంటావు?" అని భార్య అడిగిందట.

ఈయనకు మాత్రం ఆ డబ్బుతో టిల్ట్-షిఫ్ట్ లెన్స్, అంటే కెమెరాకు బిగించి ఉండగానే వాల్చడానికీ (టిల్ట్) పక్కకో పైకో జరపడానికీ (షిఫ్ట్) వీలయ్యే లెన్స్, కొనాలని ఉంది. కనుపర్తి ఉప్పు మడులు, నెల్లూరు వైపు వరి కయ్యలు ఒకదాని వెనక ఒకటి దొంతరగా, కాళ్ల దగ్గర నుంచి కనుచూపు మేర దాకా నిగ్గుగా, అంటే మసక లేకుండా రావాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లోని బంగారు చుక్కల్ని దగ్గరగా తీయాలి. రాళ్లు ఎగుమతి చేసే ఒకాయన "ఫొటోలు బాగుంటే మా స్లాబుల ఫొటోలన్నీ నీకే ఇస్తా" అన్నారట. చెన్నైలో రెండు సెకండ్ హ్యాండ్ లెన్సులు చూసుకున్నారు. ఒకటి పాత క్యానన్ టీఎస్-ఈ 90 ఎంఎం ఎఫ్/2.8, రెండోది సమ్‌యాంగ్ 24 ఎంఎం ఎఫ్/3.5. ఏదైనా ఒక్కటే ఆ డబ్బుకొస్తుంది. కొత్త క్యానన్ 24 ఎంఎం రెండో మోడల్ కావాలంటే మళ్లీ అప్పు చేయాలి. "పొలానికీ రాతికీ పనికొచ్చే ఒక్క లెన్స్ చెప్పండి, ఇంట్లో కూడా సర్దిచెప్పుకుంటాను" అని ముగించారు.

*

మీరు ఒక్క లెన్స్ పేరు అడిగారు కానీ, ఉత్తరంలో మూడు లెక్కలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఉప్పు మడుల లెక్క వేరు, స్లాబుల లెక్క వేరు, గొలుసు లెక్క వేరు. విడదీసి చూస్తే మూడూ తేలికవుతాయి. లెన్స్ నుంచే మొదలుపెడతాను. అది తేలితే గొలుసు సంగతి చాలావరకు దానంతటదే తేలుతుంది.

మామూలు లెన్స్‌లో ఫోకస్ అనేది మార్కాపురం పలకలా నిటారుగా, కెమెరాలో బొమ్మ పడే సెన్సర్‌కు సమాంతరంగా నిలబడి ఉంటుంది. రింగు తిప్పితే ఆ పలక ముందుకూ వెనక్కూ జరుగుతుందే కానీ వాలదు. లెన్స్‌ను టిల్ట్ చేస్తే పలక వాలుతుంది, నేల మీద పడుకోబెట్టవచ్చు. ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న థియోడర్ షైమ్‌ఫ్లూగ్ 1904లో పేటెంటు తీసుకున్న సూత్రం ఇదే. టిల్ట్ వల్ల పలక మందం పెరగదు. అది ఏ దిక్కుకు వాలి ఉందన్నదే మారుతుంది. ఈ సంగతి పట్టుకోకుండా కొన్నవాళ్లు నెల తిరక్కముందే లెన్స్ బాగాలేదంటారు.

వాలిన పలకకు లెన్స్ కింద ఒక కీలు ఉందనుకోండి. లెన్స్ నుంచి ఆ కీలు ఎంత దూరంలో ఉంటుందో లెక్క చాలా సులువు: ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ పేరులోని ఎంఎం అంకె) టిల్ట్ కోణపు సైన్‌తో భాగించాలి. మీ ట్రైపాడ్ మీద లెన్స్ నేలకు 1.2 మీటర్ల ఎత్తున ఉంటే కీలు సరిగ్గా నేల మీదికి రావాలి కదా. అందుకు 90 ఎంఎంకు సుమారు 4.3 డిగ్రీల టిల్ట్ కావాలి. 24 ఎంఎంకు 1.15 డిగ్రీలు చాలు. ఎత్తు 90 సెంటీమీటర్లకు దించితే 90 ఎంఎంకు 5.7 డిగ్రీలు అవుతుంది. పాత 90 ఎంఎం ఎనిమిది డిగ్రీల దాకానే వాలుతుంది కాబట్టి దాదాపు 65 సెంటీమీటర్ల కంటే కిందికి కూర్చోబెడితే కీలు నేలలోకి దిగిపోతుంది, ఫోకస్ మీ కాళ్ల ముందున్న మట్టిని అందుకోదు. ఈ అంకెలు చిన్న కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీ రెండు లెన్సుల సంగతి. 24 ఎంఎంను టిల్ట్ లేకుండానే ఎఫ్/11లో పెట్టి (అంటే లెన్స్ లోపలి అపెర్చర్ రంధ్రం బాగా చిన్నది చేసి) 1.75 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, దాదాపు 90 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా ఆమోదించదగ్గ నిగ్గు వస్తుంది. మడి గట్టు మీద నిలబడి తీసేవాడికి అంతకంటే దగ్గరగా ఏముంటుంది? లెన్స్‌కు అర మీటరు దూరంలో ఉప్పు పెళ్లను పెట్టి తీస్తే తప్ప 24 ఎంఎంలో టిల్ట్ అక్కరకు వచ్చేది తక్కువ. పైగా కావలసింది ఒక డిగ్రీయే కాబట్టి నాబ్ అర డిగ్రీ తప్పితే కీలు దాదాపు మీటరు దాకా జరిగిపోవచ్చు. ఎండలో స్క్రీను మీద ఆ తేడా పట్టడం కష్టం. 24 ఎంఎంలో మీరు నిజంగా వాడేది షిఫ్ట్. కెమెరాను లెవెల్‌లో ఉంచి లెన్స్‌ను పైకి జరిపితే తాటిచెట్లు, గాలిగోపురాలు వెనక్కి పడిపోయినట్టు రాకుండా నిటారుగా వస్తాయి. ఆ పని మీకు ముఖ్యమైతే 24 మంచి లెన్సే. మీ ఉత్తరంలో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు.

అదే 90 ఎంఎం అయితే ఎఫ్/11లో కూడా టిల్ట్ లేకుండా 12 మీటర్ల అవతలి నుంచే నిగ్గు మొదలవుతుంది. దగ్గరి మడి మొత్తం మసక. ఇక్కడే టిల్ట్ అసలు విలువ తెలుస్తుంది. పొలానికి ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్, రాతికి దూరాన్ని దగ్గరికి లాగే టెలీ అనుకుని మీరు రెండు వేర్వేరు లెన్సులను ఊహించుకున్నారు. మీరు రాసిన ఫొటోల్లో మడులన్నీ ఒకదాని వెనక ఒకటి దొంతరగా దగ్గరికి రావాలన్నారు. వైడ్‌లో అది రాదు, మడుల మధ్య దూరం పెరిగిపోతుంది. కాబట్టి మీ పొలానికీ మీ రాతికీ రెండింటికీ పనికొచ్చేది 90 ఎంఎమ్మే.

అయితే దాని హద్దులు తెలిసి కొనాలి. వాలిన పలక చుట్టూ నిగ్గుగా ఉండే భాగం కీలు దగ్గర సన్నగా మొదలై దూరం పోయేకొద్దీ విప్పుకుంటుంది, విసనకర్రలాగా. మీ లెక్కలోనే చెప్తాను: 90 ఎంఎం, ఎఫ్/11, 1.2 మీటర్ల ఎత్తు. పలకను సరిగ్గా నేల మీద పడుకోబెడితే 6 మీటర్ల దూరంలో నేల మీద నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు దాకానే నిగ్గు. అక్కడ పార పట్టుకుని మనిషి నిలబడితే పాదాలు స్పష్టంగా, ముఖం మసకగా వస్తాయి. 25 మీటర్ల దగ్గర 1.2 మీటర్లు, 100 మీటర్ల దగ్గర 5 మీటర్ల ఎత్తు దాకా వస్తుంది.

నేల కింద కూడా అంతే మందం వృథా అవుతోందని గమనించండి. అందుకని పలకను నేల మీద పడుకోబెట్టకుండా కొంచెం పైకి ఎత్తాలి. అంటే నేల ఆ విసనకర్రకు కింది అంచు కావాలి. ఫోకస్ రింగు తిప్పితే పలక కీలు మీద పైకీ కిందికీ ఊగుతుంది. అలా ఎత్తితే 6 మీటర్ల దగ్గర 60 సెంటీమీటర్లు, 25 మీటర్ల దగ్గర రెండున్నర మీటర్లు, 100 మీటర్ల దగ్గర 10 మీటర్ల దాకా నిగ్గు దొరుకుతుంది. ఉప్పు కుప్పలు, కావడి మోసే మనుషులు పాతిక మీటర్లకు అవతల ఉంటే నిక్షేపంగా వస్తారు. ఆరు మీటర్ల దగ్గరే తాటిచెట్టు ఉంటే మాత్రం ఏ టిల్టూ దాన్ని కాపాడలేదు. గట్టు మీద ట్రైపాడ్ దింపేముందే దగ్గరలో నిలువుగా ఏముందో చూసుకోండి.

చేసే పద్ధతి ఇలా ఉంటుంది. ట్రైపాడ్ లెవెల్ చేసి లెన్స్ ఎత్తు టేపుతో కొలవండి. లెక్క ప్రకారం టిల్ట్ పెట్టి నాబ్ బిగించండి. స్క్రీను మీద పది రెట్లు పెద్దది చేసి, దూరపు గట్టు మీద ఫోకస్ చేయండి. తర్వాత దగ్గరి మడి అంచు చూడండి. అది మసకగా ఉంటే టిల్ట్‌ను చిటికెడు సవరించి, మళ్లీ దూరం చూడండి. రెండు మూడు సార్లకు రెండూ కుదురుతాయి. అప్పుడు మధ్యలో ఉన్న కుప్ప పైభాగం చూసి, అది మసకైతే రింగును పలక పైకి లేచే వైపు కొంచెం తిప్పండి. ఇదంతా ఎఫ్/2.8లో తెరిచి ఉంచి చేయాలి. అపెర్చర్ మూసేస్తే తప్పు కళ్లకు కనపడదు, ఇంటికొచ్చాక కంప్యూటర్లో కనపడుతుంది. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో ఉంచండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు కెమెరాలోని స్టెబిలైజర్ ఆపేయండి.

పాత 90లో ఇంకో చిక్కుంది. టిల్ట్ నిలువుగా పెడితే షిఫ్ట్ అడ్డంగానే జరుగుతుంది. ఫ్యాక్టరీలో అలా 90 డిగ్రీల తేడాతో బిగించారు. రెండూ ఒకే దిశలో కావాలంటే మౌంట్ దగ్గర నాలుగు చిన్న స్క్రూలు విప్పి తిప్పాలి. అది తెలిసిన మెకానిక్ చేత చేయించాల్సిన పని, ఇంట్లో చేయొద్దు. మడుల్లో నిటారు గీతలు ఉండవు కాబట్టి షిఫ్ట్ బదులు కెమెరానే కొంచెం కిందికి వంచితే మీకు సరిపోతుంది. 2017లో వచ్చిన టీఎస్-ఈ 90 ఎంఎం మ్యాక్రోలో ఈ చిక్కు లేదు. అందులో టిల్ట్, షిఫ్ట్ విడివిడిగా తిరుగుతాయి, పది డిగ్రీలు వాలుతుంది, వస్తువును సెన్సర్ మీద సగం సైజుకు తెస్తుంది. మీ 90 వేలకు అది వచ్చేలా లేదు.

ఇక రాయి. పాత 90 ఎంఎం అర మీటరు దగ్గరికి ఫోకస్ అవుతుంది, అప్పుడు వస్తువు సెన్సర్ మీద తన అసలు సైజులో 0.29 వంతుగా పడుతుంది. 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే ఖాళీ గొట్టం) వేస్తే ఇంకో 0.28 కలిసి సగానికి పైనే వస్తుంది. గెలాక్సీలో బంగారంలా మెరిసే బ్రాంజైట్ ఖనిజపు చుక్కలకు అది సరిపోతుంది. కానీ దగ్గరికి పోయేకొద్దీ టిల్ట్ చేసే మేలు తగ్గుతుందని ఎవరూ ముందుగా చెప్పరు. ఎనిమిది డిగ్రీలు పూర్తిగా వాల్చినప్పుడు, మీటరు దూరంలోని స్లాబు మీద ఫోకస్ పలక 60 డిగ్రీలకు పైగా వాలుతుంది. 0.29 దగ్గర 34 డిగ్రీలకు పడిపోతుంది. ట్యూబ్ వేస్తే 22 డిగ్రీలే. రాతిని నేలబారు చూపుతో, చుక్కలు మెరుస్తూ దూరం పోతున్నట్టు తీయాలన్న మీ ఊహ మీటరు దూరం నుంచి సాధ్యం. చుక్కకు ఆనించి తీస్తే సాధ్యం కాదు, అక్కడ ఫోకస్ స్టాకింగే, అంటే వేర్వేరు దూరాల మీద ఫోకస్ చేసిన ఫొటోలను కలిపి ఒకటి చేయడమే దారి.

ఎగుమతిదారుకు కావలసింది బహుశా ఈ దగ్గరి ఫొటోలు కాదు, నిండు స్లాబు ఫొటోలు. కొనేవాడు రాతి మొత్తం రంగు, గీతలు, మచ్చలు చూస్తాడు. మూడు మీటర్ల పొడవు స్లాబు 90 ఎంఎంలో నిండుగా పట్టాలంటే ఏడున్నర మీటర్లకు పైగా వెనక్కి పోవాలి. స్లాబులు వరసల్లో ఒరగబెట్టిన యార్డులో అంత జాగా ఉండదు. అంటే ఆ పని కోసం 90 కొంటే అది బీరువాలో కూర్చుంటుంది. మీ దగ్గరున్న 24-105 జూమే 35 ఎంఎం దగ్గర మూడు మీటర్ల దూరం నుంచి ఆ పని చేస్తుంది. పాలిష్ రాతిలో మీరూ కెమెరా కనపడటం ఒక్కటే సమస్య. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ దీనికి పనిచేయదు. అది ఏటవాలు వెలుగును ఆపుతుంది కానీ ఎదురుగా నిలబడిన ప్రతిబింబాన్ని ఆపదు. 24 ఎంఎం షిఫ్ట్ లెన్స్ ఉన్నా, 12 మిల్లీమీటర్లు జరిపితే ప్రతిబింబం ఫ్రేము మధ్య నుంచి అంచుకు పోతుందే కానీ పూర్తిగా బయటికి పోదు. కాస్త కత్తిరించుకోవాల్సిందే. అందుకని ముందు చవకైన దారి చూడండి. మీటరున్నర నల్ల వెల్వెట్ గుడ్డకు లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, రెండు స్టాండ్ల మధ్య కట్టి, దాని వెనక నిలబడి తీయండి. నల్ల రాతిలో నల్ల గుడ్డ కనపడదు. కెమెరా ఎత్తు స్లాబు నడిమికి సమానంగా ఉండాలి. స్లాబు ఎంత ఒరిగి ఉందో కెమెరానూ అంతే వంచాలి, ఫోన్లోని లెవెల్ యాప్‌ను రెండింటికీ ఆనించి కొలవవచ్చు.

ఆయనన్న "అన్నీ నీకే ఇస్తా" అనే మాట మీద లెన్స్ కొనకండి. నెలకు ఎన్ని స్లాబులు, ఒక్కోదానికి ఎంత, డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారు అని అడిగి, వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. గుడ్డతో తీసిన పది ఫొటోలు ఈ నెలలోనే చూపించండి. పని ఇస్తే ఉన్న సరంజామాతోనే సంపాదన మొదలవుతుంది. ఇవ్వకపోతే తొందరపడి కొనలేదన్న ఊరట ఉంటుంది.

ఉప్పు మడులకు కూడా ఈలోపు ఖర్చు లేని దారి ఉంది. మీ ఆర్6లో ఫోకస్ బ్రాకెటింగ్ (ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ వరసగా ఫొటోలు తీయడం) ఉంది. జూమ్‌ను 90 దగ్గర, ఎఫ్/8లో పెట్టి, నాలుగు మీటర్ల దగ్గరి అంచు మీద ఫోకస్ చేసి, ఎనిమిది ఫ్రేములు తీయించండి. లెక్కకు ఐదు చాలు, మిగతావి జాగ్రత్తకు. క్యానన్ వాళ్ల డీపీపీ సాఫ్ట్‌వేర్‌లో వాటిని కలపవచ్చు. దగ్గరి తాటిచెట్టు కూడా ఇందులో మొదలు నుంచి మట్ట దాకా నిగ్గుగా వస్తుంది. ఆ విషయంలో టిల్ట్ కంటే ఇదే మెరుగు. ఇది ఓడిపోయేది కదిలే వాటి దగ్గర: గాలికి ఊగే వరి వెన్నులు, మడి నీళ్ల మీద అలలు, పార విసిరే మనిషి చేతులు. ఎనిమిది ఫ్రేముల్లో ఎనిమిది చోట్ల ఉంటాయి కాబట్టి కలిపినచోట దయ్యంలా రెండేసి కనపడతాయి. టిల్ట్ ఒకే ఫ్రేములో పని ముగిస్తుంది. మీకు ఆ లెన్స్ అవసరమా కాదా అన్నది తేల్చేది ఈ తేడాయే. తీసిన ప్రతి చోటా స్టాకింగ్ కుదిరిందో లేదో, కుదరకపోతే ఎందుకో పుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు గొలుసు. ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టి, ఎండ కాసి, మడుల్లో ఉప్పు తేలేది సంక్రాంతి దాటాకే. మరదలి పెళ్లి మాఘంలో. అంటే ఈ రోజు లెన్స్ కొన్నా మీరు కోరుకునే ఫొటో పెళ్లి ముందు దొరికే అవకాశం తక్కువ. గొలుసు మీద వడ్డీ మాత్రం ఆగదు. ఇప్పుడు గొలుసు విడిపిస్తే వడ్డీ పోను మీ చేతిలో పదిహేను వేలో ఎంతో మిగులుతుంది. అది నల్ల గుడ్డకు, ట్యూబుకు పోగా, పెళ్లి అయ్యాక చెన్నైలోనో హైదరాబాద్‌లోనో 90 ఎంఎంను రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోవడానికి వస్తుంది. మీ పుస్తకంలో రాసుకున్న, స్టాకింగ్ ఓడిన చోట్లకే ఆ రెండు రోజులూ వెళ్లండి. ఈ దారిలో నష్టమల్లా ఇప్పుడు బేరంలో ఉన్న లెన్స్ చేజారిపోవచ్చు. అది 1991 నుంచి చాలా ఏళ్లు అమ్ముడైన మోడల్, వెతికితే మళ్లీ దొరుకుతుంది.

రెండో దారి, ఇప్పుడే 90 కొని, పెళ్లిళ్ల డబ్బుతో మాఘం లోపు గొలుసు విడిపించడం. మీ చేతిలో అడ్వాన్సు తీసుకున్న పెళ్లిళ్లు ఎన్ని ఉన్నాయో, ఆ బాకీలు ఏ తేదీకి వస్తాయో కాగితం మీద రాసి, అది 70 వేలు దాటితేనే ఈ దారి ఆలోచించండి. ఒక్క పార్టీ డబ్బు వెనక్కి జరిగినా ఆమె బోసి మెడతోనే పెళ్లికి వెళ్తుంది. ఆ గొలుసు ఇప్పటికే ఒకసారి మీ కెమెరాకు సాయం చేసిందని మరచిపోకండి. ఆమెకు సర్దిచెప్పడం అని రాశారు. సర్దిచెప్పే ముందు ఆ కాగితం ఆమె ముందు పెట్టి, నిర్ణయం ఇద్దరూ కలిసి చేయండి. మూడో దారి, కొత్త 24 కోసం మళ్లీ అప్పు. అది మంచి లెన్సే కానీ, పైన చెప్పిన లెక్క ప్రకారం మీ ఫొటోలకు దాని టిల్ట్ అక్కరకు రాదు. రాని దానికి వడ్డీ కట్టడం నాకు సబబుగా అనిపించలేదు.

ఎప్పుడు కొన్నా సెకండ్ హ్యాండ్ 90ని కొరియర్‌లో తెప్పించుకోకండి, వెళ్లి చూసుకోండి. టిల్ట్, షిఫ్ట్ రెండూ సున్నా దగ్గర పెట్టి, ఇటుక గోడకు ఎదురుగా నిలబడి ఎఫ్/2.8లో తీయండి. ఎడమ అంచు, కుడి అంచు ఒకేలా ఉండాలి. ఒకవైపు మసకైతే సున్నా సున్నా కాదన్నమాట. తర్వాత పూర్తిగా వాల్చి, పూర్తిగా జరిపి, ప్రతి మూల దగ్గరా ఎఫ్/11లో ఒక ఫొటో తీయండి. ఎక్కడైనా కెమెరా ఎర్రర్ చూపితే అపెర్చర్ వైరింగ్ మీద అనుమానం పెట్టుకుని వదిలేయండి. నాబ్ బిగించాక కెమెరాను నేలవైపు తిప్పి ఒక నిమిషం చూడండి, లెన్స్ జారకూడదు. టార్చి వేసి లోపల సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడండి. చెన్నై కూడా మనలాగే సముద్రం ఒడ్డే కదా.

మడుల దగ్గర వాడేటప్పుడు లెన్స్ జరిపి ఉంచి వదిలేయొద్దు. జరిగినప్పుడు లోపలి పట్టాలు బయటపడతాయి, ఉప్పు గాలి వాటి మీద కూర్చుంటుంది. పని అయిన వెంటనే సున్నాకు తెచ్చి, ఇంటికి రాగానే బాగా పిండిన తడి గుడ్డతో బయట తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి. గట్టు మీద లెన్స్ మార్చకండి. ఇంటి దగ్గరే బిగించుకుని వెళ్లండి.